లీచెస్ గేమ్ విశ్లేషణ: ఇంజిన్ మాట ఎక్కడ వినాలి, ఎక్కడ వాదించాలి

నెల్లూరులోనో ఒంగోలులోనో ఆదివారం పిల్లల టోర్నమెంట్ జరిగితే, రౌండ్ అయిన అయిదు నిమిషాలకు హాలు బయట ఎప్పుడూ ఒకటే దృశ్యం. పిలకాయ చేతిలో ఎత్తులు రాసుకున్న స్కోర్ షీటు, నాన్న చేతిలో ఫోను. ఎత్తులు ఒక్కొక్కటే ఎక్కిస్తారు. బోర్డు పక్కన ఎవరిది పైచేయో చూపే పట్టీ తెల్లగానో నల్లగానో పెరుగుతుంది. "ఇదిగో, ఇక్కడే పోయింది" అని వేలు పెట్టి చూపిస్తారు. పిలకాయ ఏదో చెప్పబోతాడు. "కంప్యూటర్ కంటే నీకెక్కువ తెలుసా" అనేసరికి ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది. అలా ఆగిపోయిన మాటలో ఎంత నిజముందో తేల్చుకోవడానికి ఆన్‌లైన్ చెస్ సైటు లీచెస్ చేసే విశ్లేషణ ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం. ఈ రివ్యూ 1000 నుంచి 1800 రేటింగ్ మధ్య ఆడేవాళ్ల కోసం, వాళ్లను టోర్నమెంట్లకు తిప్పే తల్లిదండ్రుల కోసం. 2024 మార్చి నుంచి అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఇచ్చే రేటింగ్ 1400 దగ్గర మొదలవుతుంది కాబట్టి మన జిల్లాల్లో కొత్తగా రేటింగ్ తెచ్చుకునే పిల్లలంతా ఈ మధ్యలోనే ఉంటారు.

ముందు ధర సంగతి. లీచెస్‌కు రూపాయి కట్టక్కర్లేదు, ప్రకటనలు లేవు, డబ్బు కడితే తెరుచుకునే అదనపు గది కూడా లేదు. 2010లో తిబో ద్యుప్లెసి మొదలుపెట్టిన ఈ సైటు ఇప్పటికీ విరాళాల మీదే నడుస్తోంది. ఆట అయ్యాక "కంప్యూటర్ విశ్లేషణ" అడిగితే, ప్రపంచం నలుమూలలా స్వచ్ఛందంగా కంప్యూటర్లు ఇచ్చినవాళ్ల యంత్రాల మీద స్టాక్‌ఫిష్ ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాం) మీ ఆటను చూసి పెడుతుంది. మామూలుగా ఒకటి రెండు నిమిషాల పని. తర్వాత గ్రాఫు వస్తుంది, ఎత్తుల పక్కన ?! (కాస్త గురి తప్పింది), ? (తప్పు), ?? (ఘోరమైన తప్పు) గుర్తులు పడతాయి, చివర ఖచ్చితత్వం ఇంత శాతం అని ఒక అంకె ఉంటుంది. స్కోర్ షీటు ఆటనైతే ముందు ఎత్తులు మీరే ఎక్కించుకోవాలి. నలభై ఎత్తుల ఆటకు పది నిమిషాలు చాలు.

గొడవంతా ఇంజిన్ ప్రతి స్థితికీ ఇచ్చే అంకెల దగ్గరే మొదలవుతుంది. ప్లస్ అయితే తెలుపుది మెరుగు, మైనస్ అయితే నల్లది. +1.00 అంటే ఒక బంటు ఎక్కువ అని పాత లెక్క. 2022 చివర్లో వచ్చిన స్టాక్‌ఫిష్ 15.1 నుంచి ఆ అర్థం మారింది. స్టాక్‌ఫిష్ తనతో తానే ఆడుకుంటే సగం ఆటలు గెలిచే స్థితికి +1.00 అని పేరు పెట్టారు. లీచెస్ ఆ అంకెను తీసుకుని, మనుషుల ఆటల నుంచి రాబట్టిన ఒక సూత్రంతో గెలుపు శాతంగా మారుస్తుంది. ఆ లెక్కన +1.00కు వచ్చేది 59 శాతమే. +3.00కు 75, +5.00కు 86, +8.00కు 95. ఇక 1300 రేటింగ్ పిలకాయ చేతిలో +1.00 అంటే ఆ 59 కూడా ఉండదు, ఎందుకంటే తర్వాతి పది ఎత్తుల్లో ఎవరో ఒకరు గుర్రాన్నో బిషప్‌నో ఊరికే వదిలేస్తారు. ఒకే అంకెకు మూడు చోట్ల మూడు విలువలన్నమాట. ఇది తెలియని వాళ్లు "నువ్వు +0.8 పోగొట్టావు" అని పిల్లల్ని నిలదీస్తారు. ఆ స్థాయిలో +0.8 తేడా ఆట ఫలితాన్ని మార్చడం చాలా అరుదు.

గుర్తులు పడేది కూడా ఆ గెలుపు శాతం ఎంత తగ్గిందన్న లెక్క మీదే. అంకెల తేడా నేరుగా చూడరు. ఈ పద్ధతి మంచిదే. +8 నుంచి +5కు పడితే గెలుపు అవకాశం తొమ్మిది శాతం తగ్గుతుంది, సమానంగా ఉన్న చోట నుంచి -3కు పడితే పాతిక శాతం పోతుంది. రెండిట్లోనూ అంకె తేడా మూడే అయినా రెండింటికీ ఒకే శిక్ష వేయకపోవడం న్యాయం. అయినా గెలిచే ఆటల్లో అనవసరపు గుర్తులు పడుతూనే ఉంటాయి. ఒక ఏనుగు ఎక్కువగా ఉన్నప్పుడు మంత్రులు మార్చుకున్నారనుకోండి. ఇంజిన్ +9 నుంచి +6కు దించుతుంది, శాతం 96 నుంచి 90కి వస్తుంది, ?! పడుతుంది. ఇక్కడ ఆటగాడితోనే ఏకీభవించాలి, అనుమానం లేదు. మంత్రులు బోర్డు మీద ఉంటే ఎదుటివాడికి వరస షాహ్‌లతో (చెక్‌లతో) డ్రా చేసుకునే ఆశ ఉంటుంది. మంత్రి పోతే ఆ ఆశ పోతుంది. గడియారంలో నాలుగు నిమిషాలే మిగిలినప్పుడు ఇంజిన్ చూపించే పదకొండు ఎత్తుల మేట్ కంటే ఈ మార్పిడి ఎన్నో రెట్లు మేలు.

మార్పిడి మంచిదన్నంత మాత్రాన కళ్లు మూసుకుని అన్నీ మార్చెయ్యకూడదు. చివరి ముక్కలు మార్చుకుని రాజు, బంటుల ఆటలోకి దిగేముందు బంటు మంత్రి అయ్యే గడి దాకా ఎత్తులు లెక్కపెట్టి తీరాలి. బిషప్, అంచు బంటు మిగిలితే ఇంకా జాగ్రత్త. హెచ్ బంటు మంత్రి అయ్యే హెచ్8 నల్ల గడి. మీ దగ్గర తెల్ల గడుల బిషప్ ఉండి, ఎదుటి రాజు ఆ మూలకు చేరుకున్నాడంటే అది డ్రా. ఇలాంటి చోట ఇంజిన్ "తప్పు" అందంటే అది తప్పే. బోర్డు మీద ఏడు లేదా అంతకంటే తక్కువ ముక్కలు మిగిలితే లీచెస్‌లో ఎక్స్‌ప్లోరర్ (పాత ఆటలు వెతికే చోటు) బొమ్మ నొక్కండి, టేబుల్‌బేస్ తెరుచుకుంటుంది. అందులో ఉన్నది అభిప్రాయం కాదు, పూర్తిగా లెక్క తేల్చిన సమాధానం. దానితో వాదన పెట్టుకోవద్దు.

వాదించాల్సిన అసలు అంకె 0.00. పట్టీ మధ్యలో నిలబడింది కాబట్టి ఇద్దరికీ సమానమే అనుకుంటారు. 1972లో రేక్యవిక్‌లో ఫిషర్, స్పాస్కీల ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో పదకొండో ఆట చూడండి. సిసిలియన్ నాజ్‌డార్ఫ్‌లో నల్ల మంత్రి బీ6కు వచ్చి బీ2 బంటును తినే ఓపెనింగ్ అది, "విషపు బంటు" అని పేరు. ఈనాటి ఇంజిన్ ఆ ఓపెనింగ్‌కు ఇచ్చేది ఇంచుమించు సున్నా. ఆ ఆటలో ఫిషర్ అంతటివాడు మంత్రి ఇరుక్కుని ఓడిపోయాడు. సున్నా అంటే ఒకవైపు వాడు ప్రతి ఎత్తూ సరిగ్గా వెతుక్కుంటే నిలబడతాడని, రెండోవైపు వాడు మామూలుగా ఆడుకుంటూ పోయినా నష్టం లేదని అర్థం కావచ్చు. మన పిల్లల స్థాయిలో ఇది లండన్ ఓపెనింగ్‌లో రోజూ కనిపిస్తుంది. తెలుపు బిషప్ ఎఫ్4కు పోగానే నల్ల మంత్రి బీ6కు వచ్చి బీ2ను బెదిరిస్తుంది. ఆ బంటు తినొచ్చని ఇంజిన్ చెబితే, తిన్న మంత్రి ఇల్లు చేరడానికి ఎన్ని ఎత్తులు పడతాయో వేళ్ల మీద లెక్కపెట్టించండి. నాలుగు పడితే, ఆ నాలుగు ఎత్తుల్లో తెలుపు ఎన్ని ముక్కలు బయటికి తెస్తాడో చూడండి. దానికి జవాబు చెప్పలేని పిలకాయ ఆ బంటు వదిలేస్తే అది తెలివైన పనే.

ఏనుగుల ఎండ్‌గేమ్‌లో సున్నా ఇంకా బరువు. ఒక బంటు తక్కువగా ఉన్నవాడు ఫిలిడోర్ పద్ధతి తెలిస్తేనే నిలబడతాడు. ఏనుగును తన వైపు నుంచి మూడో వరసలో పెట్టి ఎదుటి రాజును ముందుకు రానివ్వకూడదు. బంటు ఆ వరసలోకి అడుగుపెట్టిన మరుక్షణం ఏనుగును బోర్డు అవతలి చివరకు దించి వెనక నుంచి షాహ్‌లు ఇవ్వాలి. ఆ పద్ధతి రానివాడికి తెర మీది 0.00 ఓటమితో సమానం. అలాంటి స్థితిలోకి పోకుండా ఇరవై ఎత్తుల ముందే వేరే దారి పట్టినందుకు ?! పడితే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కాకపోతే ఆ వారమే ఫిలిడోర్ నేర్చుకోండి. ఎన్నాళ్లని దారి తప్పించుకుంటారు?

ఓపెనింగుల దగ్గర ఇంజిన్ మాటకు అంత విలువ ఇవ్వడం అనవసరం. నల్లతో కింగ్స్ ఇండియన్ పెడితే పట్టీ తెలుపు వైపు వాలుతుంది. ఫిషర్, కాస్పరోవ్ దాన్ని ఏళ్ల తరబడి పెద్ద ఆటల్లో ఆడారు. 1.ఈ4 ఈ5 2.ఎఫ్4 అనగానే కింగ్స్ గాంబిట్‌కు చాలాసార్లు ?! పడుతుంది. అదంతా రెండు యంత్రాలు ఆడుకుంటే ఏమవుతుందన్న లెక్క. మీకు కావాల్సింది మీ స్థాయిలో ఏమవుతోందన్నది. దానికి ఎక్స్‌ప్లోరర్‌లో రెండు డేటాబేసులు పనికొస్తాయి. మాస్టర్స్ దాంట్లో 2200 పైన రేటింగ్ ఉన్నవాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఆడిన ఆటలుంటాయి. గుంటూరు హరికృష్ణ, గుడివాడ హంపి లాంటి మనవాళ్లు అదే స్థితిలో ఏం ఆడారో అక్కడ దొరికే అవకాశం ఉంది. రెండోది లీచెస్ సొంత డేటాబేసు. అందులో రేటింగ్ 1400, 1600 పెట్టి, ర్యాపిడ్, క్లాసికల్ మాత్రమే ఉంచి, బుల్లెట్, బ్లిట్జ్ లాంటి మెరుపు ఆటలు తీసెయ్యండి. మీ ఎత్తుకు వందల ఆటలుండి ఫలితాలు బాగుంటే ఇంజిన్ పెట్టిన ?! మీద చర్చే అక్కర్లేదు. పాతిక ఆటలే ఉంటే ఆ శాతాన్ని నమ్మకండి.

ఇదే వాదనను అడ్డం పెట్టుకుని చెత్త ఓపెనింగ్‌ను వెనకేసుకొచ్చేవాళ్లూ ఉన్నారు. స్టాఫర్డ్ గాంబిట్ తీసుకోండి. 1.ఈ4 ఈ5 2.గుర్రం ఎఫ్3 గుర్రం ఎఫ్6 3.గుర్రం×ఈ5 గుర్రం సీ6 4.గుర్రం×సీ6 డీ×సీ6. ఇక్కడ 5.డీ3 బిషప్ సీ5 6.బిషప్ జీ5 అని తెలుపు తొందరపడితే 6...గుర్రం×ఈ4! ఆ తర్వాత 7.బిషప్×డీ8 బిషప్×ఎఫ్2+ 8.రాజు ఈ2 బిషప్ జీ4 మేట్. బ్లిట్జ్‌లో ఇది పండుతుంది, పిల్లలు మురిసిపోతారు. ఆరో ఎత్తులో బిషప్‌ను ఈ2లో పెట్టి కుదురుగా కూర్చుంటే నల్లకు మిగిలేది ఒక బంటు నష్టమే. ఇంజిన్ తెలుపుకు దాదాపు +2 చూపిస్తుంది, అది అక్షరాలా నిజం. తొంభై నిమిషాల ఆటలో ఎదుటివాడు ఆలోచించుకుంటాడు. ఎదుటివాడు తప్పు చేస్తేనే పనిచేసే ఎత్తును "ప్రాక్టికల్" అనకూడదు.

ఇంజిన్ దగ్గర తల వంచాల్సిన చోటు మరొకటి, రెండు మూడు ఎత్తుల్లో తేలిపోయే టాక్టిక్స్. ముక్క ఊరికే పోయింది, ఫోర్క్ (ఒకే ముక్క రెండింటి మీద దాడి) పడింది, వెనక వరసలో మేట్ కనిపించలేదు. వీటికి ?? పడితే వాదన ఉండదు. 1400 లోపు ఆటల్లో ఫలితం తేలేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి సమయం తక్కువుంటే ?? మాత్రమే చూసి మిగతావి వదిలేయండి. "మీ తప్పుల నుంచి నేర్చుకోండి" అన్న బటన్ నొక్కితే లీచెస్ ఆ స్థితులన్నీ పజిల్స్ లాగా ఒక్కొక్కటే పెడుతుంది. ఇంజిన్ మొదటి ఎత్తు కాక ఇంకో మంచి ఎత్తు పెట్టినా ఒప్పుకుంటుంది. మొత్తం సేవలో అన్నిటికంటే ఉపయోగపడేది ఇదే.

ఇక అసలు పని. ఇంజిన్‌తో మీకు పడని చోట ఎలా తేల్చుకోవాలి?

మొట్టమొదట, ఇంజిన్ వేయకముందే ఆట ఒకసారి చూసుకోవాలి. రాత్రి చేసిన చేపల పులుసు తెల్లారితే రుచి తేలినట్టు, ఓడిన ఆట కూడా ఒక రాత్రి ఆగితేనే బాగా అర్థమవుతుంది. మలుపు తిరిగిన మూడు నాలుగు చోట్ల "ఈ ఎత్తు ఎందుకు పెట్టాను, ఎదుటివాడు ఏం ఆడతాడనుకున్నాను" అని రెండేసి వాక్యాలు రాయండి. టోర్నమెంటులో స్కోర్ షీటు మీద మిగిలిన సమయం రాసుకోవడానికి ఫిడే నిబంధనలు ఒప్పుకుంటాయి. ప్రతి అయిదు ఎత్తులకోసారి రాసుకుంటే చాలు. రెండు నిమిషాల్లో పెట్టిన ఎత్తుకు, ఇరవై నిమిషాలు ఆలోచించి పెట్టిన ఎత్తుకు ఒకే ? పడినా వాటి వెనకున్న జబ్బులు వేరు.

తర్వాత ఆ స్థితి దగ్గర మీ ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో ఉండే స్థానిక ఇంజిన్ ఆన్ చేసి, సెట్టింగుల్లో వరసలు (ఒకేసారి చూపే ఎత్తుల దారులు) మూడుకు పెంచండి. అయిదు దాకా పెట్టుకోవచ్చు. మీ ఎత్తు రెండోదో మూడోదో అయ్యుండి తేడా 0.3 లోపైతే పంచాయతీ అక్కడితో ముగిసింది. లోతు అంకె (ఎంత ముందుకు చూసిందో చెప్పేది) 25 దాటేదాకా ఆగండి. మొదట చెప్పిన సర్వర్ విశ్లేషణ ప్రతి ఎత్తుకూ కొద్ది సమయమే కేటాయిస్తుంది, అందుకని అక్కడ పడిన ?! ఇక్కడ లోతుగా చూస్తే మాయమయ్యే సందర్భాలు ఎన్నో. మీ ఎత్తు జాబితాలో లేకపోతే దాన్ని బోర్డు మీద పెట్టి ఎదుటివాడి వైపు నుంచి ఇంజిన్‌ను నడవనివ్వండి. గురి లాంటి బొమ్మ నొక్కితే ఎదుటివాడి బెదిరింపు ఏమిటో బాణం గీసి చూపిస్తుంది. కంప్యూటర్ మీదైతే ఎక్స్ మీట నొక్కితే చాలు. "ఈ ఎత్తు ఎందుకు తప్పు" అన్న ప్రశ్నకు సగంసార్లు జవాబు ఆ బాణంలోనే ఉంటుంది.

అప్పటికీ ఒప్పుకోబుద్ధి కాకపోతే ఇంజిన్ వరసను చివరిదాకా నడిపి, ఆఖరి స్థితి దగ్గర ఆగండి. ఎవరిది మెరుగో, ఎందుకో మీరే మాటల్లో చెప్పాలి. దారిలో ప్రతి ఎత్తు దగ్గరా మొదటి వరసకు, రెండో వరసకు తేడా చూడండి. వరసగా నాలుగు చోట్ల ఆ తేడా ఒక బంటు దాటిందంటే అది కత్తి మీద నడక. ఒక్క అడుగు తప్పితే ఉన్నది కూడా పోతుంది. అలాంటి సలహాను పక్కన పెట్టడం తప్పు కాదు. మరో మంచి పరీక్ష, "ఇక్కడి నుంచి కొనసాగించు" నొక్కి కంప్యూటర్‌తో ఆడటం. ఎనిమిది స్థాయిలున్నాయి. బంటు బలిచ్చి దాడి చేశానని మీ వాదనైతే, మీ స్థాయికి తగ్గదాన్ని పెట్టి ఎదుటివాడి రంగుతో ఆడండి. మీ దాడిని మీరే తేలిగ్గా ఆపగలిగితే ఇంజిన్ చెప్పింది నిజం. స్నేహితుడు దొరికితే 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనంగా పెట్టుకుని రెండు రంగులతో రెండు ఆటలు ఆడటం ఇంకా మేలు.

ఇంజినే పొరబడే చోట్లు లేవని కాదు. 2017లో పెన్‌రోజ్ ఇన్‌స్టిట్యూట్ బయటపెట్టిన ఒక స్థితిలో నల్లకు మంత్రి, రెండు ఏనుగులు, మూడు బిషప్‌లు ఉంటాయి. తెలుపుకు రాజు, నాలుగు బంట్లు. ఆనాటి ఇంజిన్లు నల్లదే గెలుపన్నాయి. బంట్లు మూసుకుపోయి ఉన్నాయి, బిషప్‌లు మూడూ ఒకే రంగు గడుల మీద ఉన్నాయి, తెల్ల రాజు తెల్ల గడుల్లో అటూ ఇటూ తిరిగితే డ్రా అని మనిషి కంటికి ఇట్టే తెలుస్తుంది. అదే ఏడాది డిసెంబరులో డీప్‌మైండ్ కంపెనీ ప్రోగ్రాం ఆల్ఫాజీరో స్టాక్‌ఫిష్ 8తో వంద ఆటలాడి 28 గెలిచింది, ఒక్కటీ ఓడలేదు. 2020లో స్టాక్‌ఫిష్ కూడా న్యూరల్ నెట్‌వర్క్ చేర్చుకుని చాలా మారింది. అయినా రెండువైపులా బంట్లు తాళం పడిపోయిన స్థితిలో +2 కనిపిస్తే, ఎక్కడి నుంచి లోపలికి వస్తారో దారి చూపించమని అడగండి. ఇరవై ఎత్తులు ముందుకు నడిపినా అంకె కదలకపోతే దారి లేదేమో.

ఖచ్చితత్వం శాతం మాత్రం ఈ సేవలో బలహీనమైన భాగం. దాన్ని మార్కుల షీటులా చదవకండి. పదిహేను ఎత్తుల్లో ముక్కలన్నీ మార్చుకుని డ్రా చేస్తే 95 వస్తుంది. రెండువైపులా కత్తులు దూసి నలభై ఎత్తులు పోరాడి గెలిస్తే 78 రావచ్చు. రెండో ఆట ఆడిన పిలకాయే ఎక్కువ నేర్చుకున్నాడు. చెస్.కామ్ గేమ్ రివ్యూలో ఈ ముచ్చట ఇంకాస్త ఎక్కువ. "బ్రిలియంట్", "గ్రేట్" లాంటి బిరుదులుంటాయి, కోచ్ బొమ్మ ఎత్తుకో వాక్యం చెబుతుంది. మొదలుపెట్టే పిల్లలకు ఆ వాక్యాలు కొంత సాయమే. కానీ ఉచిత ఖాతాకు రివ్యూలు పరిమితం. కారణం అడిగి వాదించాలంటే చివరికి అక్కడా మూడు వరసలు తెరిచి మీరే చూడాలి. దీనికోసమైతే చందా కట్టక్కర్లేదు.

ఫోను సంగతి కూడా చెప్పుకోవాలి. బలం తక్కువున్న ఫోనులో మూడు వరసలు పెడితే అయిదు నిమిషాల్లో చేతికి కాలేంత వేడెక్కుతుంది, ఆ తర్వాత వేగం తగ్గి లోతు 18, 19 దగ్గర ఆగిపోతుంది. అప్పుడు ఒక్క వరస పెట్టి, మీ ఎత్తును, ఇంజిన్ ఎత్తును విడివిడిగా ఆడించి పోల్చండి. ఇంజిన్ల జాబితాలో ఏడు ఎంబీల చిన్నదీ, దానికి ఎన్నో రెట్లుండే పెద్దదీ ఉంటాయి. పెద్దదాన్ని ఇంట్లో వైఫై మీదే దించుకోండి. పినాకిని రైల్లో చెన్నైకో విజయవాడకో పోతూ ఆట చూసుకోవాలంటే దారి పొడవునా సిగ్నల్ నిలవదు. ఆండ్రాయిడ్‌లో డ్రాయిడ్‌ఫిష్ వేసుకుంటే స్టాక్‌ఫిష్ అందులోనే ఉంటుంది, నెట్ అక్కర్లేదు. అన్నట్టు, ఆట నడుస్తుండగా ఫోను పిలకాయ జేబులో ఉండకూడదు, మోగకపోయినా ఆట పోయే ప్రమాదముంది. నాన్న దగ్గరే ఉండనివ్వండి, రౌండు మధ్యలో అది తెరవకుండా.

లీచెస్‌లో ఇంకో కొరత, ఎత్తు ఎత్తు దగ్గరా మీ వాదన రాసుకోవడానికి ఆట పేజీలో చోటు లేదు. దానికి స్టడీ (ఆటలు దాచుకుని వ్యాఖ్యలు రాసుకునే నోటుపుస్తకం లాంటిది) తెరవాలి. ఒక స్టడీలో 64 అధ్యాయాలు పడతాయి, ఆటకొకటి వేసుకుంటే ఏడాది టోర్నమెంట్లకు సరిపోతుంది. ఇంజిన్ ?! పెట్టినా మీకు నచ్చిన ఎత్తుకు మీరు !? (ఆలోచించదగ్గ ఎత్తు) పెట్టి, కింద కారణం తెలుగులోనే రాయండి. ఎక్స్‌ప్లోరర్‌లో చూసిన శాతం, ఆ రోజు చూసిన లోతు కూడా పక్కన వేయండి. మూడు నెలల తర్వాత ఇంజిన్ ఆపేసి ఆ అధ్యాయాలు మళ్లీ తెరిచి, ఏ !?ను అలాగే ఉంచాలో, దేన్ని చెరిపి ? పెట్టాలో మీరే చూసుకోండి.